నడిమి కాయ

అరండల్‌పేటలో జిరాక్స్ షాపు మీద గది.
ఏసీ లేదు. మార్చి నెల.
గాలి మిర్చి యార్డు వైపునుంచి వీస్తే
తెరమీది అక్షరాలకి కూడా తుమ్మొచ్చేలా ఉంటుంది.

పని చిన్నదే.
కోల్డ్ స్టోరేజీలో బస్తాలు దిగగానే
రైతుకొకటి, బ్యాంకుకొకటి మెయిల్‌లో రసీదు వెళ్ళాలి.
అది చూసే బ్యాంకు అప్పిస్తుంది.
అప్పు అందితే సరుకు ఆగుతుంది,
అందకపోతే ఆ సాయంత్రమే
పడిన రేటుకి పోతుంది.

ఉత్తరం మోసే కోడ్ నేను రాయక్కర్లేదు.
ఎవరో ఎప్పుడో రాసి పెట్టారు,
ఒకరు కాదు, పదకొండు మంది.
ఎంచుకోవడమే నా వంతు.

మొదటిదానికి నలభై వేల నక్షత్రాలు.
రంగులు, బొమ్మలు, మూడే లైన్లలో మెయిల్ అన్న మాట.
దించుకుంటే దాని వెనకాల
పెళ్ళివారి బస్సు ఆగినట్టు
నూట పన్నెండు ప్యాకేజీలు దిగాయి,
ఎవరికెవరు ఏమవుతారో వాళ్ళకే తెలీదు.
ఇంకోటి పొందిగ్గా ఉంది, మనసైంది కూడా.
రాసినాయన ఆరేళ్ళుగా పలకడం లేదు.
గుమ్మంలో మాత్రం జనం
ప్రశ్నలు విడిచి వెళుతూనే ఉన్నారు, చెప్పుల్లా.

లెక్కల పుస్తకం ఇవ్వడానికొచ్చిన ఖాసిం వలి
నా మొహం చూసి ఏంటమ్మా అన్నాడు.
తోచినట్టు చెప్పాను.
ముప్పయ్యేళ్ళుగా యార్డులో గుమస్తా,
లైబ్రరీ అంటే ఆయనకి పేపరు చదివే చోటు.
అయినా పూర్తిగా విన్నాడు.
"పైకాయ చూసి ఎవడన్నా బస్తా కొంటాడా?
మోచేతి దాకా పోనియ్ చెయ్యి.
నడిమి కాయ తీసి విరిచి చూడు.
తడి కాయ చప్పుడు చెయ్యదు."

ఆయన మెట్లు దిగాక చెయ్యి పెట్టాను.

సబ్జెక్టు లైన్‌లో ఒక రైతు పేరు రాశాను:
కొమ్మూరి జ్ఞానసుందరమ్మ, ప్రత్తిపాడు.
మొదటిది పంపింది.
??????? ??????????????
మనిషి పేరంతా ప్రశ్నలే,
బ్యాంకు కిటికీ ముందు ఎన్ని అడిగించుకుందో అన్ని.
రెండోది ఖాళీ పెట్టెలు పేర్చింది.
మూడోది సరిగ్గా "జ్ఞ" దగ్గర విరిచి
ముక్కలు ఏరుకోమంది.

తర్వాత కావాలనే తప్పు పాస్‌వర్డ్ ఇచ్చాను.
నలభై వేల నక్షత్రాలది
పచ్చ టిక్కు పెట్టి "పంపబడింది" అంది.
ఎక్కడికి? ఎవరికి?
తడి కాయ.

ఏడోదాని పేజీ ఒకటే, బొమ్మ లేదు.
నక్షత్రాలు మూడొందలు దాటవు.
తప్పు పాస్‌వర్డ్‌కి అంతెత్తున లేచింది:
ఇన్ని గంటలకి ఫలానా తలుపు కొట్టాను,
తియ్యలేదు, వాళ్ళన్న మాట ఇదీ,
మళ్ళీ ఎప్పుడు వెళ్ళమంటావు?
లేని చిరునామా ఇస్తే
ఆ పేరుగలవాళ్ళు లేరట అని
ఉత్తరాన్ని తెచ్చి నా బల్లమీద పెట్టింది.
పటుక్కున విరిగింది కాయ.
గింజలు తెరమీదంతా.

జ్ఞానసుందరమ్మ మాత్రం
ఒత్తుతో, సున్నాతో, ఉన్నదున్నట్టు చేరింది.
నసపెట్టేదాన్నే తీసుకున్నాను.

మర్నాడు అసలు రసీదు.
ఖాసిం వలి ఫోను చేతికందినంత దూరం పట్టి
పెదాలు కదుపుతూ చదివాడు.
పేరు అందంగా పడిందమ్మా అన్నాడు.
ఇంకాసేపు చూశాడు.
"దింపింది అరవై రెండు బస్తాలు.
ఇరవై ఆరు వేశావే."

టైపు చేసింది నేనే.
ఉత్తరం ఏ తప్పూ చెయ్యలేదు.
నేనిచ్చింది నేనిచ్చినట్టే మోసుకెళ్ళి
బ్యాంకువాళ్ళ ముందు పెట్టింది,
పెట్టానని నాకు చెప్పింది కూడా.

గాలి మళ్ళీ యార్డు వైపునుంచి.
ముందు బ్యాంకుకి ఫోను.
తుమ్ము తర్వాత.